ఫినాయిల్ వదిన

మా వదినకు ఆ పేరు పెట్టింది నేను కాదు. నేను పెట్టి ఉంటే ఇంకా మంచి పేరే పెట్టేదాన్ని. చంటిపిల్లల తల్లుల ఆన్‌లైన్ గ్రూపులోంచి ఆమె బయటికి పంపేసిన ఆడవాళ్లంతా కలిసి వేరే గ్రూపు పెట్టుకున్నారు. అక్కడ ఆమెను ముద్దుగా ‘ఫినాయిల్’ అంటారు. ఈ సంగతి నాకెలా తెలుసంటే, రెండు గ్రూపుల్లోనూ నేనున్నాను. పెళ్లీ పిల్లలూ లేని నీకు తల్లుల గ్రూపులో ఏం పనే అని మా అమ్మ నిలదీసింది. టికెట్టు లేకుండా ఇంత వినోదం ఇంకెక్కడ దొరుకుతుందమ్మా అన్నాను.

వదిన అంటే మా అన్నయ్య భార్య. నీళ్ల ఆఫీసులో ఫిర్యాదుల విభాగంలో ఉద్యోగం. పొద్దున హెడ్‌సెట్ తగిలించుకుంటే సాయంత్రం దాకా ఊరంతా ఆమె చెవిలోనే ఉంటుంది. కుళాయి రానివాళ్లు, వచ్చిన కుళాయి ఆగనివాళ్లు, పైపు పగిలి వాకిలి చెరువైనవాళ్లు, బిల్లు చూసి గుండె చెరువైనవాళ్లు అందరూ ఆమెకే ఫోన్ చేస్తారు. పొగడడానికైతే ఎవరూ చేయరు. ఎవరు ఎంత మాటన్నా ఆమె “మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం” అనే అంటుంది. ఆ గొంతు విని ఎదుటివాడు ఇంకో రెండు ఎక్కువ తిడతాడని నా నమ్మకం.

కాపురానికి వచ్చిన కొత్తలో భోజనాల దగ్గర మాకు ఆ కబుర్లన్నీ చెప్పేది. తిట్టేవాళ్లలో రెండు రకాలున్నారట.

“గొట్టాన్ని తిట్టేవాళ్లు వేరు, నన్ను తిట్టేవాళ్లు వేరమ్మాయ్. గొట్టాన్ని తిట్టేవాళ్లు మంచివాళ్లు. కాసేపు తిట్టనిస్తే అలిసిపోయి వాళ్లే అడ్రసు చెప్తారు. నన్ను తిట్టేవాళ్లతోనే బాధ, గొంతు వణక్కుండా చూసుకోవాలి.”

ఈ మాట మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే తర్వాత ఆవిడే మర్చిపోయింది.

ఆఫీసు నుంచి ఆమె రెండు అలవాట్లు ఇంటికి తెచ్చుకుంది. ఒకటి, ఏ ఫిర్యాదునైనా రెండుసార్లు పూర్తిగా వినకుండా తేల్చకపోవడం. మా అన్నయ్య కూరలో ఉప్పు ఎక్కువైందన్నా సరే, “మళ్లీ చెప్పండి” అంటుంది. రెండోది, ఇంటికొచ్చాక చెవిలో ఏదీ పెట్టుకోకపోవడం. పగలంతా హెడ్‌సెట్ నొక్కి నొక్కి చెవులు కందిపోయేవి. గుమ్మం దాటగానే కమ్మలు కూడా తీసి డబ్బాలో పడేసేది. ఇయర్‌ఫోన్లు చూస్తేనే ఒళ్లు మంట. అందుకని ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే. వాళ్ల పెద్దమ్మ కూతురి కాపురంలో గొడవలన్నీ నాకు ఆ స్పీకర్ ద్వారానే తెలిశాయి.

బూతంటే ఆమెకు చిన్నప్పటి నుంచీ గిట్టదు. వాళ్ల నాన్న లారీ మెకానిక్. మనిషి వెన్న, నోరు మాత్రం షెడ్డు. ఒకసారి బడి దగ్గరికి సైకిల్ మీద వచ్చాడట ఆమెను తీసుకెళ్లడానికి. గేటు ముందే చైను ఊడింది. ఆయన వంగి చైను ఎక్కిస్తూ మామూలుగా షెడ్డులో ఎలా మాట్లాడతాడో అలా మాట్లాడాడు. క్లాసులో ఆడపిల్లలంతా నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ రోజు నుంచి ఆమె నాన్న సైకిల్ ఎక్కలేదు. ఆయన వెనకాల సైకిల్ నడిపించుకుంటూ వస్తుంటే ఈవిడ ముందు నడిచి ఇంటికి వచ్చేది. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ కథ చెప్పినప్పుడల్లా ఆమె నవ్వుతూ మొదలుపెట్టి నవ్వకుండా ముగిస్తుంది.

పాప పుట్టింది. వదిన పెద్ద సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది. పగలంతా ఊరితో మాట్లాడిన మనిషి ఉగ్గుగిన్నెతో మాట్లాడుతూ ఎన్నాళ్లుంటుంది? తల్లుల గ్రూపులో చేరింది. అది పెట్టినావిడకు రెండో కాన్పు దగ్గరపడి, కాస్త నిదానస్తురాలు కనిపించగానే పెత్తనం వదిన చేతిలో పెట్టి చల్లగా తప్పుకుంది. వదిన మొదటి రోజే పైన బోర్డు కట్టేసింది: ఇక్కడ బూతు మాటలు వద్దు.

ఇక చూడండి తమాషా. పిల్లలకు జలుబు చేస్తే రెండు సమాధానాలు వచ్చే గ్రూపులో ఈ ఒక్క మాటకు వంద వచ్చాయి. ఒకావిడ, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని రాసింది. ఇంకొకావిడ కింద, ‘ఊరు మంచిదేనండి, నిద్రే లేదు’ అని రాసింది. ఈ గ్రూపు చదివేది తల్లులే కదా, చంటిపిల్లలు చదువుతారా అని ఒకరు. చదవరు సరే, ఇక్కడ అలవాటైన నోరు పిల్లల ముందు ఊరుకుంటుందా అని మరొకరు. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవు కదా. అన్నం పెట్టబోతే గిన్నె లాగి నెత్తిన బోర్లించుకునే పిల్లాడితో పద్యాలు చదవమంటారా అని ఒక కవలల తల్లి నిలదీసింది. పాపం, ఆమె ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

చివరికి చిక్కు ‘వెధవ’ దగ్గర వచ్చింది. “మావాణ్ని పొద్దున్నే లేపేదే ఆ మాటతోనండీ, అది తీసేస్తే వాడు లేవడు” అని ఒక తల్లి మొరపెట్టుకుంది. మా మామగారు మనవణ్ని ‘భడవా’ అనకుండా ఎత్తుకోరు, ఆయన్నేం చేయమంటారని ఇంకొకావిడ. వదిన ఆలోచించి తీర్పు చెప్పింది: ముద్దుగా అంటే తప్పు లేదు, కోపంగా అంటే తప్పు. ముద్దో కోపమో అక్షరాల్లో తెలియదు కాబట్టి అలాంటివి గొంతుతో పంపండి, నేను విని చెప్తాను అంది.

దాంతో ఏమైంది? ఊళ్లో ఉన్న తిట్లన్నీ వరుసకట్టి మా ఇంటికి రావడం మొదలైంది. వదిన మాత్రం శ్రద్ధగా వింటుంది. ఒళ్లో పాప, చేతిలో పాలసీసా, బల్ల మీద ఫోన్. మొదట ఒకసారి, తర్వాత ఇంకోసారి. ఆ తర్వాత తల అడ్డంగా ఊపి, “ఛీ ఛీ. తీసేశా” అని ఒక నొక్కు నొక్కుతుంది.

ఆ నొక్కుకు బలైన పెద్దతల బేకరీ ఆవిడ. మా వెనక వీధిలోనే బేకరీ, ఇద్దరు మగపిల్లలు, చేతులు ఎప్పుడూ పిండిలో. అందుకని ఆమె రాయదు, మాట్లాడి పంపుతుంది. ఒరుసుకుపోయిన పిరుదులకు ఏం రాయాలి, మందు ఉమ్మేసే పిల్లకు ఎలా మింగించాలి, ఏదడిగినా ముందు జవాబు ఆమెదే, పనికొచ్చే జవాబూ ఆమెదే. కాకపోతే మాటకొక బూతు ఊతకర్రగా ఉండాలి. ఒకరోజు చిన్నవాడు ఓవెన్ మీట తిప్పేస్తే కేకులన్నీ కుంగిపోయాయి. ఆవిడ ఆ ఓవెన్ వంశాన్ని మూడు తరాలు వెనక్కి వెళ్లి పలకరించి వచ్చింది. ఆ మాటలు ఇక్కడ రాయను. రాస్తే మా వదిన ఇది కూడా తీసేస్తుంది. ఫిర్యాదులు పోటెత్తాయి. వదిన రెండుసార్లూ పూర్తిగా విని, ఆమెను గ్రూపులోంచే తీసేసి, కింద ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని రాసింది.

గ్రూపు శుభ్రపడింది. శుభోదయాలు, పువ్వుల బొమ్మలు, ‘మా బాబు బంగారం’. నాకు ఆవలింతలు. పెద్ద తిట్లు పోయేసరికి జనం చిన్న వాటి మీద ఫిర్యాదు చేయసాగారు, వదినకు వినే పని మాత్రం తగ్గలేదు.

ఈలోగా సెలవు అయిపోవచ్చింది. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు, పరుగెత్తి పారిపోయే పిల్ల వెంట పడలేదు. అన్నయ్యకు ఉద్యోగం, నాకు కళ్లజోళ్ల షాపు. మిగిలింది దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క ప్లేస్కూలు. అక్కడ చోట్లు తక్కువ. హెడ్ మేడమ్ ప్రతి పిల్లనూ ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి గానీ చేర్చుకోదు. ఎదుటి పిల్ల జుట్టు పీకాడని ఒకణ్ని తిప్పి పంపిందట. పాపకు అక్కడ చోటు దొరక్కపోతే వదిన ఉద్యోగం మానుకోవాల్సిందే. తిట్లు తినే ఉద్యోగం పోతే పోయిందిలే అన్నాడు అన్నయ్య. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నేనెత్తకపోతే ఆ ఫోన్ ఎవరెత్తుతారండీ? కొత్తవాళ్లు రెండో తిట్టుకే పెట్టేస్తారు. నీళ్లు రానివాళ్ల గతేంటి?”

ఆ మాటకు నాకు నిజంగా ముచ్చటేసింది. ఆమెకు ఆ పని ఇష్టం. ఇష్టమని అంతవరకు మాకెవరికీ తెలియదు.

సరిగ్గా అప్పుడే పాప చెంచా కింద పడేసుకుంది. పడ్డ చెంచాను చూసి, నిండా రెండేళ్లు లేని ఆ పిల్ల, ‘అమ్మ’ కూడా ‘అంబ’ అనే ఆ పిల్ల, గంట కొట్టినట్టు స్పష్టంగా ఒక మాట అంది.

అన్నయ్య వేలు నా వైపు తిరిగింది. నా నోటి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, కానీ ఆ పాపం నాది కాదు.

వదిన నీళ్ల ఆఫీసు మనిషి. ఎక్కడ కారుతోందో తెలియకపోతే ఒక్కో వాల్వు కట్టేసి చూడాలంది. మొదటి వాల్వు నేను. పాప మేలుకుని ఉన్నంతసేపు నాకు ఇంట్లోకి రావడం నిషేధం, మాట్లాడాలంటే కిటికీ అవతల నుంచే. రెండో వాల్వు అన్నయ్య. టీవీలో ఆట చూస్తూ అంపైర్‌ను ఏదో అంటాడని రిమోట్ లాక్కున్నారు. మూడోది మా అమ్మ.

“నా మనవరాల్ని బుజ్జిముండ అనకుండా నేనెట్లా ఎత్తుకునేది?” అంది అమ్మ.

“కొన్నాళ్లు ఎత్తుకోకండత్తయ్యా” అంది వదిన.

అమ్మ అలిగి సైగలతో మాట్లాడడం మొదలుపెట్టింది. ఆ సైగలు అంతకన్నా ఘోరంగా ఉన్నాయి.

అన్ని వాల్వులూ కట్టేశాక పాప ఇంకో కొత్త మాట అంది. మొదటిదానికన్నా చిక్కనిది. వదిన నాకు ఫోన్ చేసి, “నువ్వు కిటికీలోంచి ఏమన్నా విసిరావా అమ్మాయ్?” అని ఏడుపు గొంతుతో అడిగింది. ఇక లాభం లేదని నిషేధం దాటి లోపలికి వెళ్లిపోయాను. పాప చాప మీద కూర్చుని ఉంది. మా అన్నయ్య దగ్గర లాక్కున్న రిమోట్ ఇప్పుడు దాని చేతిలో ఉంది. దాన్ని బల్లకు ఆనించి పెట్టింది. చెవి ఒగ్గి, కనుబొమలు ముడిచి, ఎంతో శ్రద్ధగా విన్నట్టు చేసింది. ఆ మాట ఒకసారి అంది. ఇంకోసారి అంది. తర్వాత తల అడ్డంగా ఊపి, “ఛీ ఛీ. తీచేచా” అని బొటనవేలితో నొక్కింది.

నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి వదిన గోడకానుకుని నేల మీద కూలబడి ఉంది. ఊరందరి నోళ్లూ కడిగి ఆ నీళ్లన్నీ ఆమె తన ఇంట్లోనే పట్టింది. కట్టని వాల్వు ఒక్కటే మిగిలింది, అది ఆమే.

“రేపు కాక ఎల్లుండి మేడమ్ చూస్తుంది దీన్ని. ఏం చెయ్యనిప్పుడు?” అంది. 

గ్రూపులో అడుగుదామంది. అడిగింది కూడా, ఎంతో మర్యాదగా: ‘పాప నోట అనుచితమైన పదం వినిపించింది, దయచేసి సలహా ఇవ్వగలరు.’ వరుసగా జవాబులు వచ్చాయి. అయ్యో, మా ఇంట్లో అలాంటివి వినపడవండీ, మాకు తెలియదండీ. ఇంట్లో వాతావరణం చూసుకోండి. పెద్దల పెంపకం ముఖ్యం. ఒకావిడైతే ఆ సందేశం మీదే ఫిర్యాదు పెట్టింది. ఆ ఫిర్యాదు వదినకే వచ్చింది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాను, బేకరీకి. పాపను అమ్మకు అప్పగించాం, సైగలు వద్దని ఒట్టు వేయించుకుని.

బేకరీ ఆవిడ బల్ల మీద పిండి పిసుకుతోంది. వదినను చూసి, “రండి మేడమ్, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం” అంది. తగిలింది. వదిన తల దించుకుని జరిగిందంతా చెప్పింది. రిమోట్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ పిండి వదిలేసి కడుపు పట్టుకుంది.

“ఇంతకీ ఏ మాట?” అంది తేరుకుని.

“అదేనండి... మీరు ఓవెన్‌ని అన్నది.”

“నేను చాలా అన్నాను. ఏది?”

“నేను అనలేనండి.”

“నువ్వనకపోతే నాకెట్లా తెలుస్తది? ఒక్కో మాటకి ఒక్కో మందుంటది.”

అలాంటిదేమీ ఉండదని నాకు తెలుసు, ఆవిడ కళ్లలో చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కానీ వదిన అన్నీ నమ్ముతుంది. అటూ ఇటూ చూసి, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి ఆ మాట అంది. కొంచెం గట్టిగానే వచ్చింది. బన్నులు కొంటున్న పెద్దాయన చిల్లర తీసుకోకుండా వెళ్లిపోయాడు.

కళ్లు తెరిచిన వదిన మొహంలో సిగ్గు లేదు. ఏదో విన్నట్టు ఆగిపోయింది.

“మా నాన్న ఇట్లాగే అనేవాడు. బోల్టు ఊడి రాకపోతే. అచ్చం ఇట్లాగే” అంది మెల్లగా. కాసేపటికి, “బోల్టునే అనేవాడు. చైనునే అనేవాడు. నన్ను ఒక్కనాడు కూడా ఒక్క మాటనలేదు” అంది.

బేకరీ ఆవిడ స్టూలు లాగి కూర్చోబెట్టింది. తర్వాత చెప్పిన వైద్యం చాలా చిన్నది. పిల్లలకు మాట అక్కర్లేదట, మన మొహం కావాలట. “అది ఆ మాటనగానే మీరంతా భూకంపమొచ్చినట్టు చూస్తన్నారా లేదా? దానికంటే మంచి బొమ్మ ఏముంటది? మొహం మార్చకు. రాయిలా ఉండు. ఉత్తినే నోరు కట్టేస్తే కుదరదు, కోపం ఎటో పోవాలి కదా, ఇంకో మాటివ్వు. గట్టిగా పలికేది. నీకు ఆఫీసులో మండినప్పుడు నోట్లో ఏం తిరుగుతది?”

వదిన ఆలోచించి, “వాల్వు” అంది.

“బంగారం. అదే నేర్పించు.”

ఆ రోజూ మర్నాడూ మా ఇంట్లో ఏది కింద పడినా అందరం “వాల్వూ!” అని అరిచాం. మా అమ్మ కావాలని గరిటెలు పడేసి మరీ అరిచింది. పాప పాత మాట అన్నప్పుడు అందరం గోడ గడియారం చూస్తూ రాళ్లలా నిలబడ్డాం. అన్నయ్యకు రాయిలా ఉండడం పుట్టుకతోనే వచ్చు.

ప్లేస్కూలుకు నేనూ తోడు వెళ్లాను. హెడ్ మేడమ్ గదిలో పొట్టి కుర్చీలు, రంగు చెక్కముక్కలు, గోడ మీద ‘మంచి మాటలు మాట్లాడుదాం’ అని పెద్ద అక్షరాలు. మేడమ్ ఆ అక్షరాల కింద, వాటంత నిటారుగా కూర్చుని ఉంది. పాప చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. బాగానే పేర్చింది. చివరిది పెట్టగానే మొత్తం కూలిపోయింది. పాప గుండెల నిండా ఊపిరి తీసుకుంది. వదిన గోళ్లు నా మణికట్టులో దిగాయి.

“బాల్వూ!” అంది పాప.

“ఏమంటోంది?” అంది మేడమ్.

“వాల్వండి. మాది నీళ్ల ఆఫీసండి” అంది వదిన చెమట తుడుచుకుంటూ.

మేడమ్ నవ్వింది. చేర్చుకుంటున్నానని చెప్పి, కాగితం కోసం డ్రాయరు లాగింది. అది బిగుసుకుపోయింది. రెండు చేతులా లాగింది. రాలేదు. కాలు తన్నిపట్టి లాగేసరికి ఒక్కసారిగా వచ్చి వేలు నలిగింది. నిటారు మనిషి వంగిపోయింది. పళ్ల మధ్య నుంచి, చాలా మెల్లగానే, ఒక మాట జారింది. మా పాప రెండో మాట. అచ్చు అదే.

పాప తలెత్తింది. ఒక చెక్కముక్క తీసుకుని చెవికి ఆనించుకుంది. కనుబొమలు ముడిచింది. మేడమ్ వంకే చూస్తూ తల అడ్డంగా ఊపి, “ఛీ ఛీ. తీచేచా” అని నొక్కింది.

మేడమ్ మొహం ఎర్రబడింది. నేను కిటికీ వైపు తిరిగాను, లేకపోతే నా ప్రాణం పోయేది. ఇంతకన్నా చిన్నదానికి మా వదిన ఎంతమందిని బయటికి పంపిందో నాకు తెలుసు. ఆమె గొంతు సవరించుకుంది.

“ఫర్లేదు మేడమ్. మీరన్నది డ్రాయర్ని కదా, మనుషుల్ని కాదు” అంది. హెడ్‌సెట్ పెట్టుకున్నప్పటి గొంతు అది. “కాసేపు అననిస్తే అదే తగ్గుతుంది. ముందు వేలు చన్నీళ్లలో పెట్టండి.”

కాగితం మీద సంతకం చాలా తొందరగా పడింది.

బయటికొచ్చి బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాం. వదిన ఫోన్ తీసి బోర్డు మార్చింది: మనుషుల్ని తిట్టొద్దు, ఓవెన్లు, డ్రాయర్లు, నిద్రలేమి మీ ఇష్టం. తర్వాత బేకరీ ఆవిడను తిరిగి గ్రూపులో చేర్చింది. నిమిషం కాలేదు, ఆవిడ గొంతు సందేశం వచ్చిపడింది. అంత పొడుగు సందేశం ఆ గ్రూపులో నేను అంతవరకు చూడలేదు.

వదిన పాప వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి చెయ్యి చాచింది.

“అమ్మాయ్, నీ ఇయర్‌ఫోన్లు ఇట్లా ఇయ్యి” అంది.

రెండు చెవుల్లోనూ పెట్టుకుంది. వింటున్నంతసేపూ ఆమె మొహం రాయిలాగే ఉంది, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి, కళ్లవెంట నీళ్లు కారాయి. పాప తీగ పట్టుకుని, “అంబా, నాకు, నాకు” అని లాగుతూనే ఉంది. అయిపోయాక ఆమె ఇంకోసారి మొదటి నుంచి పెట్టుకుంది.